వేగానికి వెల వేడి

2025 అక్టోబర్ 14న గూగుల్ సంస్థ విశాఖపట్నంలో గిగావాట్ స్థాయి కృత్రిమ మేధ కేంద్రాన్ని కడతామనీ, 2026 నుంచి 2030 వరకూ అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామనీ ప్రకటించింది. అందుకోసం గుర్తించిన స్థలాల్లో ఆనందపురం మండలంలోని తర్లువాడ ఒకటి. గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు. పరవాడ దగ్గరున్న సింహాద్రి థర్మల్ కేంద్రం మొత్తం సామర్థ్యం 2,000 మెగావాట్లు. అంటే గూగుల్ కేంద్రానికి కావాల్సింది సింహాద్రిలోని నాలుగు యూనిట్లలో రెండు పూర్తిగా తిరిగితే వచ్చేంత కరెంటు. అది చిప్‌లలోకి వెళ్లి లెక్కలు చేసి, చివరికి వేడిగా మిగులుతుంది. ఆ వేడిని బయటికి తోడిపోయడం అలాంటి కేంద్రాల్లో లెక్కలు చేయడమంత పెద్ద పని.

అదే మండలంలో, హైవే జంక్షన్‌కి కాస్త లోపలగా, మేడమీది గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్న ఇంటర్ కుర్రాడి సంగతి కూడా ఇదే. అతని గ్రాఫిక్స్ కార్డుకీ, తర్లువాడలో రాబోయే చిప్‌లకీ వర్తించే భౌతిక సూత్రం ఒక్కటే. ఆటలో కదలిక తడబడుతుంటే కార్డు వేగం పెంచుకోవాలని అతనికి ఉంటుంది. దాన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు. కార్డు కాలిపోతుందేమోనని వాళ్ల నాన్న భయం. ఈ అధ్యాయం ఆ ఇద్దరి కోసం. చెప్పదలచింది ముందే చెప్పేస్తాను: మన ఊరి ఎండల్లో ముందు వోల్టేజ్ తగ్గించడం నేర్చుకోవాలి, క్లాక్ పెంచడం ఆ తర్వాత. ఎందుకో లెక్కతో సహా చూద్దాం.

రెండు టిక్కుల మధ్య

2021 ఫిబ్రవరిలో వచ్చిన ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3060 కార్డును ఉదాహరణగా తీసుకుందాం. గేమర్ల కంప్యూటర్ల మీద ఆటలు అమ్మే స్టీమ్ వేదిక జరిపే సర్వేలో చాలాకాలం మొదటి స్థానంలో ఉన్న కార్డు ఇది. దాని చిప్ విస్తీర్ణం 276 చదరపు మిల్లీమీటర్లు. అందులో దాదాపు 1,200 కోట్ల ట్రాన్సిస్టర్లు. కంపెనీ ప్రకటించిన బూస్ట్ క్లాక్ 1,777 మెగాహెర్ట్జ్, అంటే సెకనుకి 177 కోట్ల 70 లక్షల టిక్కులు. రెండు టిక్కుల మధ్య ఉండే వ్యవధిలో కాంతి కూడా 17 సెంటీమీటర్లకు మించి పోలేదు.

ఆ కాస్త వ్యవధిలోనే సంకేతం వరసగా ఎన్నో ట్రాన్సిస్టర్లను దాటి, చివర సున్నాగానో ఒకటిగానో స్థిరపడాలి. తర్వాతి టిక్కు పడేలోపు చేరకపోతే అక్కడ తప్పు అంకె నమోదవుతుంది. అందుకే తయారీదారు కొంత వ్యవధిని మిగులుగా ఉంచుతాడు. ఒకే పలక నుంచి కోసిన చిప్‌లన్నీ ఒక్కలా ఉండవు. కొన్ని చురుకు, కొన్ని మందం. అన్నిటికంటే మందమైన చిప్ కూడా, వేడి గదిలో, వయసు మీద పడ్డాక సైతం తప్పు చేయకూడదు కాబట్టే ఆ మిగులు. ఓవర్‌క్లాకింగ్ అంటే మీ చేతిలో ఉన్న చిప్‌కి ఆ మిగులు ఎంత ఉందో కనుక్కుని వాడుకోవడం.

1998లో ఇంటెల్ విడుదల చేసిన సెలెరాన్ 300ఏ ప్రాసెసర్ ఈ విద్యకి పెద్ద పేరు తెచ్చింది. అది మదర్‌బోర్డుతో తనని కలిపే 66 మెగాహెర్ట్జ్ బస్సును నాలుగున్నర రెట్లు చేసి 300 మెగాహెర్ట్జ్‌తో నడిచేది. బస్సును 100కి మారిస్తే అదే నాలుగున్నర రెట్లు 450 అయ్యేది. చాలా చిప్‌లు ఆ యాభై శాతం పెంపును కిమ్మనకుండా మోశాయి. ఇవాళ్టి గ్రాఫిక్స్ కార్డుల్లో అంత మిగులు లేదు. ఉష్ణోగ్రత, కరెంటు, వోల్టేజ్ ఎప్పటికప్పుడు కొలుచుకుంటూ, వీలున్నంత వరకూ కార్డే తన క్లాక్ పెంచుకుంటోంది. ఓవర్‌క్లాకర్ పని చాలావరకూ ఫ్యాక్టరీయే చేసి పంపుతోంది. మనకి మిగిలేది మహా అయితే అయిదు నుంచి పది శాతం.

ఇక్కడ నాన్నగారి భయానికి కొంత జవాబు ఉంది. వోల్టేజ్ ముట్టుకోకుండా క్లాక్ ఒక్కటే ఎక్కువ పెంచితే చిప్ కాలిపోదు, తప్పులు చేస్తుంది. తెర మీద రంగు చుక్కలు మెరుస్తాయి, ఆటలో గోడలోంచి త్రికోణాలు పొడుచుకొస్తాయి. తప్పు మరీ పెద్దదైతే కార్డు బదులివ్వడం మానేస్తుంది. విండోస్ రెండు సెకన్లు ఎదురుచూసి డ్రైవర్‌ని తిరిగి మొదలుపెడుతుంది. తెర ఒకసారి నల్లబడి మళ్లీ వస్తుంది, లేదా కంప్యూటరే ఆగిపోతుంది. పాత సంఖ్యకు తిరిగి వెళ్తే కార్డు మామూలుగానే పనిచేస్తుంది. చిప్‌ని నిజంగా దెబ్బతీసేవి రెండే: అధిక వోల్టేజ్, అధిక వేడి.

వోల్టేజ్ వర్గం లెక్క

చిప్ పనిచేసేటప్పుడు తినే శక్తికి ఒక చిన్న సూత్రం ఉంది: కెపాసిటెన్స్ ఇంటూ వోల్టేజ్ వర్గం ఇంటూ క్లాక్. ప్రతి ట్రాన్సిస్టర్ గేటూ విద్యుదావేశాన్ని నింపుకుని, ఖాళీ చేస్తూ ఉంటుంది. వోల్టేజ్ పెరిగితే నింపాల్సిన ఆవేశం పెరుగుతుంది, ఆ ఆవేశాన్ని నెట్టాల్సిన ఎత్తూ పెరుగుతుంది. రెండు వైపులా పెరగడం వల్లే వోల్టేజ్‌కి వర్గం వస్తుంది. క్లాక్ పెరిగితే మాత్రం ఖర్చు మామూలు నిష్పత్తిలోనే పెరుగుతుంది.

దీన్ని సంఖ్యల్లో పెట్టి చూడండి. క్లాక్ అయిదు శాతం పెంచి, అది నిలబడడానికి వోల్టేజ్ కూడా అయిదు శాతం పెంచారనుకోండి. 1.05ని మూడుసార్లు గుణిస్తే సుమారు 1.16. వేగం అయిదు శాతం, వేడి పదహారు శాతం. ఇప్పుడు క్లాక్ ముట్టుకోకుండా వోల్టేజ్‌ని 1.05 వోల్టుల నుంచి 0.95కి తగ్గించారనుకోండి. వేగం రవ్వంత కూడా తగ్గదు, శక్తి ఖర్చు పద్దెనిమిది శాతం తగ్గుతుంది. ఫ్యాక్టరీ వోల్టేజ్‌లో కూడా మందమైన చిప్‌ల కోసం ఉంచిన మిగులు ఉంటుంది. మీ చిప్ చురుకైనదైతే ఆ మిగులంతా ఊరికే వేడి పుట్టిస్తోందన్నమాట. దాన్ని తీసేయడాన్నే అండర్‌వోల్టింగ్ అంటారు.

ఒకప్పుడు ఈ వోల్టేజ్ దానంతట అదే తగ్గుతూ వచ్చేది. ట్రాన్సిస్టర్ చిన్నదవుతున్న కొద్దీ వోల్టేజ్‌ని కూడా అదే నిష్పత్తిలో తగ్గించవచ్చనీ, అప్పుడు చదరపు మిల్లీమీటరుకి పుట్టే వేడి పెరగదనీ 1974లో ఐబీఎంకి చెందిన రాబర్ట్ డెన్నార్డ్ బృందం చూపించింది. మూడు దశాబ్దాల పాటు ప్రాసెసర్ల వేగం ఏటేటా ఎగబాకడానికి అది పెద్ద ఆధారం. 2005 ప్రాంతానికి ఆ దారి మూసుకుపోయింది. వోల్టేజ్‌ని ఇంకా తగ్గిస్తే ట్రాన్సిస్టర్ ఆపివేసినప్పుడు కూడా కరెంటు లీకవుతుంది. అప్పటి నుంచీ చిప్ తయారీలో మొదటి సమస్య వేడే.

వేడి చేసే హానికీ లెక్క ఉంది. చిప్‌లోని సన్నని లోహపు తీగల్లో పరుగెత్తే ఎలక్ట్రాన్లు తీగలోని పరమాణువుల్ని కొద్దికొద్దిగా పక్కకి నెడతాయి. ఏళ్ల తరబడి అలా జరిగితే ఒకచోట తీగ పలచబడి తెగుతుంది, మరోచోట పోగుపడి పక్క తీగని తాకుతుంది. దీన్ని ఎలక్ట్రోమైగ్రేషన్ అంటారు. కరెంటు సాంద్రత పెరిగినా, ఉష్ణోగ్రత పెరిగినా తీగ ఆయువు వేగంగా పడిపోతుందని మోటరోలాలో పనిచేసిన జేమ్స్ బ్లాక్ 1969లో సమీకరణంతో సహా చెప్పాడు. ఓవర్‌క్లాక్ చేసిన కార్డు ఆ రోజే పోదు. పదేళ్లు పనిచేయాల్సింది ముందే పోవచ్చు.

ఎండ, ఉప్పు, దుమ్ము

కార్డు మీద ఉండే ఫ్యాన్లు, రేకులు చిప్‌ని గది ఉష్ణోగ్రత కంటే చల్లబరచలేవు. గది కంటే ఎన్ని డిగ్రీలు పైన నిలపాలన్నది మాత్రమే వాటి చేతిలో ఉంటుంది. జనవరి రాత్రి 25 డిగ్రీల గదిలో కార్డు 67 డిగ్రీల దగ్గర నిలిచిందనుకుందాం. తేడా 42. మే నెల మధ్యాహ్నం స్లాబు కింద గది 36కి చేరితే అదే ఆట అదే కార్డును 78కి తీసుకెళ్తుంది. పైన చెప్పిన పదహారు శాతం అదనపు వేడిని కలపండి. తేడా 42 నుంచి 49కి పెరిగి, కార్డు 85ని తాకుతుంది. ఇది చిప్ సగటు. చిప్‌లో అన్నిటికంటే వేడిగా ఉండే చోటు, హాట్‌స్పాట్, ఇంకో పది పదిహేను డిగ్రీలు పైన ఉంటుంది. ఆర్‌టీఎక్స్ 3060కి ఎన్విడియా పెట్టిన గరిష్ఠ పరిమితి 93 డిగ్రీలు. ఆ దరిదాపుల్లోకి వెళ్లేసరికి కార్డు తనంతట తాను క్లాక్ తగ్గించుకుంటుంది. కష్టపడి పెంచిన వేగం వేడికి బలైపోతుంది.

వేడెక్కిన రాగి తీగ నిరోధం డిగ్రీకి దాదాపు 0.4 శాతం చొప్పున పెరుగుతుంది. ఇరవై డిగ్రీలకి ఎనిమిది శాతం. సంకేతం ఆ మేరకు ఆలస్యమయ్యే ప్రమాదం ఉంది. అందుకే జనవరిలో నెల్లాళ్లు చక్కగా నడిచిన సెట్టింగ్ ఏప్రిల్‌లో ఆట మధ్యలో కూలిపోతుంది. దీన్నుంచి విశాఖ వాళ్లు నేర్చుకోవాల్సింది ఒకటుంది: పరీక్ష ఎప్పుడూ ఎండాకాలం మధ్యాహ్నం, ఏసీ లేకుండా చేయాలి. ఆ గంటలో నిలబడ్డ సెట్టింగ్ ఏడాదంతా నిలబడుతుంది.

తర్వాతది ఉప్పు. భీమిలి తీరం ఆనందపురానికి దూరమేమీ కాదు. సముద్రపు గాలితో వచ్చే సన్నని ఉప్పు రేణువులు దుమ్ముతో కలిసి సర్క్యూట్ బోర్డు మీద పేరుకుంటాయి. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు ఆ తేమను పీల్చుకుని తానే ద్రవమైపోతుంది. విశాఖ గాలిలో తేమ ఏడాదిలో ఎన్నో రోజులు ఆ గీత దాటుతుంది. అప్పుడు బోర్డు మీద ఉన్నది ఉప్పునీటి పొర, అంటే కరెంటును మోసే పొర. కంప్యూటర్ నడుస్తున్నంత సేపూ లోపలి గాలి వెచ్చగా ఉండి తేమ శాతం తగ్గుతుంది కాబట్టి ఇబ్బంది తక్కువ. వానాకాలంలో వారాల తరబడి ఆపేసి ఉంచిన కంప్యూటర్‌కే తుప్పు ముప్పు. ఊరెళ్తే గుడ్డ కప్పి వెళ్లండి, ఇంట్లో ఉంటే వాడకపోయినా వారానికోసారి కాసేపు ఆన్ చేయండి.

మూడోది దుమ్ము. పోర్టు పక్కనున్న పాతనగరంలో అది బొగ్గు, ఇనుప ఖనిజం ధూళి. ఆనందపురంలో జాతీయ రహదారి మీది లారీలు లేపే ధూళి. కార్డు ఫ్యాన్ల మధ్య నుంచి టార్చి వేసి చూడండి. అల్యూమినియం రేకుల అంచుల మీద బూడిదరంగు దుప్పటిలా ఒక పొర కనిపిస్తుంది. గాలి రేకుల మధ్యకి పోవాల్సిన దారి అదే. కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసేసి, ఫ్యాన్ రెక్కను వేలితో కదలకుండా పట్టుకుని, మెత్తని బ్రష్‌తోనూ బ్లోయర్‌తోనూ ఆ పొరని తీసేయండి. రెక్కను పట్టుకోకపోతే బ్లోయర్ గాలికి అది విపరీతంగా తిరిగి బేరింగ్ పాడవుతుంది. ఈ పని చేసి క్యాబినెట్‌ని గోడకి జానెడు దూరం జరిపితేనే కొన్ని డిగ్రీలు తగ్గుతాయి. చాలామందికి అసలైన మొదటి ఓవర్‌క్లాక్ ఇదే.

ఒక తెలుగు ఇంజినీరు కార్డు నేర్పిన పాఠం

ప్రపంచంలో గ్రాఫిక్స్ చిప్‌లు రూపొందించిన వాళ్లలో పెద్ద పేరున్న రాజా కోడూరి ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి ఎలక్ట్రానిక్స్‌లో ఇంజినీరింగ్ పట్టా, ఖరగ్‌పూర్ ఐఐటీ నుంచి ఎంటెక్ పొందారు. ఏటీఐ, యాపిల్, ఏఎండీ, ఇంటెల్ సంస్థల్లో పనిచేశారు. 2015లో ఏఎండీ ఏర్పాటు చేసిన రేడియాన్ విభాగానికి ఆయనే సారథి. ఆ విభాగం నుంచి 2016 జూన్ 29న ఆర్‌ఎక్స్ 480 కార్డు వచ్చింది. తక్కువ ధరకి మంచి వేగం ఇచ్చిన కార్డు అది. అయితే వచ్చిన కొద్దిరోజులకే పరీక్షకులు ఒక లోపం పట్టుకున్నారు.

కార్డుకి ప్రకటించిన ఖర్చు 150 వాట్లు. మదర్‌బోర్డు స్లాట్ నుంచి గరిష్ఠంగా 75, కంప్యూటర్‌కి కరెంటు పంచే ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే ఆరు పిన్నుల తీగ నుంచి 75 అని లెక్క. ఆటలు ఆడేటప్పుడు ఆ కార్డు స్లాట్ నుంచి 75 వాట్లకు మించి లాగుతోందని కొలతల్లో తేలింది. ఓవర్‌క్లాక్ చేస్తే ఇంకా ఎక్కువ. స్లాట్‌లో ఉండే పిన్నులు సన్నవి, ఎక్కువ కరెంటును ఎల్లకాలం మోయడానికి చేసినవి కావు. ఏఎండీ జూలైలోనే కొత్త డ్రైవర్ ఇచ్చి స్లాట్ మీది భారాన్ని తగ్గించింది, మొత్తం ఖర్చు తగ్గించే వీలు కూడా కల్పించింది. అదే విభాగం 2017 ఆగస్టులో తెచ్చిన వేగా 64 కార్డు 295 వాట్లు తినేది. వాడుకరులు దాని వోల్టేజ్ తగ్గించి చూస్తే వేడి తగ్గింది. వేడి తగ్గినందువల్ల కార్డు ఎక్కువ క్లాక్ దగ్గర నిలబడి, చాలామందికి వేగం కూడా పెరిగింది. వోల్టేజ్ తగ్గించి వేగం పెంచుకోవచ్చని లోకానికి తెలియజెప్పిన కార్డుల్లో అదొకటి.

కాబట్టి కార్డుని ముట్టుకునే ముందు దానికి కరెంటు వచ్చే దారంతా చూడాలి. ఆర్‌టీఎక్స్ 3060కి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉండాలని ఎన్విడియా సూచన. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన పేరూ ఊరూ లేని ఎస్‌ఎంపీఎస్ మీద ఓవర్‌క్లాకింగ్ చేయవద్దు. ఇళ్లలో సాధారణంగా ఉండే 600 వీఏ యూపీఎస్ ఇవ్వగలిగేది 360 వాట్లే. కార్డు, ప్రాసెసర్, మానిటర్ కలిసి ఆ అంచుకి చేరితే కరెంటు పోయిన క్షణంలోనే యూపీఎస్ చేతులెత్తేస్తుంది. ఎర్తింగ్ సంగతి మరవకండి. మూడో పిన్ను వట్టి అలంకారంగా ఉన్న ఇళ్లు మన పల్లెల్లో ఇంకా ఉన్నాయి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి. ఎండాకాలంలో ఎర్త్ గుంతకి నీళ్లు పోయండి.

చేసే పద్ధతి

ముందు ఏమీ మార్చకుండా కొలవండి. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ అన్న ఉచిత సాఫ్ట్‌వేర్ ఏ కంపెనీ కార్డుకైనా పనికొస్తుంది. ఏఎండీ కార్డులకి అడ్రినలిన్ సాఫ్ట్‌వేర్‌లోనే ఈ సౌకర్యాలున్నాయి. మీరు రోజూ ఆడే ఆటను అరగంట నడిపి ఉష్ణోగ్రత, హాట్‌స్పాట్, క్లాక్, వాట్లు, సెకనుకి వచ్చే ఫ్రేములు (ఎఫ్‌పీఎస్) నోట్‌బుక్‌లో రాసుకోండి. కార్డు ఇప్పటికే 80 డిగ్రీలు దాటుతుంటే అక్కడే ఆగి, దుమ్ము, గాలి సంగతి చూసుకోవాలి.

రెండో అడుగు వోల్టేజ్ తగ్గించడం. ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్, ఎఫ్ మీటలు కలిపి నొక్కితే ఒక వంపు గీత తెరుచుకుంటుంది. అడ్డంగా వోల్టేజ్, నిలువుగా క్లాక్. ఆట ఆడేటప్పుడు కార్డు 1.05 వోల్టుల దగ్గర 1,850 మెగాహెర్ట్జ్‌తో నడుస్తోందని మీ కొలతలో తేలిందనుకోండి. గీతలో 0.95 దగ్గరున్న చుక్కని పట్టుకుని 1,850 ఎత్తుకి లేపండి. దానికి కుడివైపున్న చుక్కలన్నీ అదే ఎత్తులో ఉండేలా గీతని చదును చేసి వర్తింపజేయండి. ఇక కార్డు 0.95 దాటి వెళ్లదు. అరగంట ఆడి చూడండి. నిలబడితే 0.925కి దిగండి. ఎక్కడ తడబడిందో అక్కడి నుంచి 25 మిల్లీవోల్టులు పైకి వచ్చి ఆగండి. కార్డుని బట్టి ఈ సంఖ్యలు మారతాయి. పక్కింటి కుర్రాడి సంఖ్యలు మీ కార్డుకి పనికిరావు.

ఇప్పుడు మిగిలిన చల్లదనంతో క్లాక్ పెంచవచ్చు. ఆ ఎత్తునే 15 మెగాహెర్ట్జ్ చొప్పున లేపుతూ, ప్రతి మెట్టు దగ్గరా పది నిమిషాలు పరీక్షించండి. తప్పు కనిపించగానే రెండు మూడు మెట్లు దిగండి. అలా దిగినచోట మూడు నాలుగు రకాల ఆటలు ఆడి చూడాలి. ఒక ఆటలో నిలిచింది మరో ఆటలో నిలవకపోవచ్చు.

మెమరీ క్లాక్ దగ్గర ఒక చిక్కుంది, చాలామంది అక్కడ మోసపోతారు. జీడీడీఆర్6 మెమరీ తప్పు వెళ్లిన సమాచారాన్ని గుర్తించి మళ్లీ పంపించుకోగలదు. అందువల్ల హద్దు దాటినా తెర మీద తప్పేమీ కనిపించకపోవచ్చు. మళ్లీ మళ్లీ పంపుకోవడంలో సమయం పోయి, క్లాక్ పెరిగినా వేగం తగ్గుతుంది. కాబట్టి 100 మెగాహెర్ట్జ్ పెంచిన ప్రతిసారీ యూనిజిన్ సూపర్‌పొజిషన్ వంటి బెంచ్‌మార్క్ స్కోరు రాసుకోండి. స్కోరు పెరగడం ఆగిన చోటే మీ హద్దు.

చేయకూడనివి కొన్ని. కంప్యూటర్ ఆన్ కాగానే మార్పులు వర్తించే మీటను వారంపాటు పరీక్షించేదాకా ముట్టుకోవద్దు. ఫర్‌మార్క్ లాంటి పరీక్షలు ఏ ఆటా పెట్టనంత భారం పెడతాయి. వాటిని గంటల తరబడి నడపవద్దు. వోల్టేజ్ పరిమితి దాటడానికి కార్డు బయోస్ మార్చడం, బోర్డు మీద సోల్డరింగ్ చేయడం జోలికి పోవద్దు. వారంటీ షరతులు ముందే చదవండి. 2022 సెప్టెంబర్‌లో గ్రాఫిక్స్ కార్డులతో చేసే ఇథీరియం క్రిప్టోకరెన్సీ మైనింగ్ ఆగిపోయాక ఆ పని చేసిన కార్డులు సెకండ్‌హ్యాండ్ బజారుకి కుప్పలుగా వచ్చాయి. అలాంటి కార్డు కొని ఉంటే థర్మల్ పేస్ట్, ప్యాడ్‌లు మార్పించేదాకా క్లాక్ పెంచవద్దు. ల్యాప్‌టాప్‌లో గాలికి చోటు తక్కువ కాబట్టి వోల్టేజ్ తగ్గించడంతో సరిపెట్టుకోవాలి.

చేతికి వచ్చేదెంత

సెకనుకి 60 ఫ్రేములు వస్తుంటే ఒక్కో ఫ్రేముకి 16.7 మిల్లీసెకన్లు. ఎనిమిది శాతం వేగం పెరిగితే 65 ఫ్రేములు, ఒక్కోటి 15.4 మిల్లీసెకన్లు. తేడా ఒక మిల్లీసెకను పైచిలుకు. 50 ఫ్రేముల దగ్గర తడబడే ఆటని 54 దగ్గర నిలిపితే అది చేతికి తెలుస్తుంది. 140 వస్తున్న ఆటని 150 చేస్తే కంటికి తెలియదు. కార్డు సగమే పనిచేస్తూ ప్రాసెసర్ నిండా మునిగి ఉంటే కార్డు క్లాక్ ఎంత పెంచినా ఒక్క ఫ్రేము కూడా పెరగదు. ఆట నడుస్తుండగా కార్డు వినియోగం 95 శాతం పైన ఉందో లేదో ముందు చూసుకోండి. లేకపోతే ఈ శ్రమంతా వృథా. వోల్టేజ్ తగ్గించడం మాత్రం వృథా పోదు. 50 వాట్లు తగ్గితే రోజుకి నాలుగు గంటల ఆట మీద నెలకి ఆరు యూనిట్లు మిగులుతాయి, ఫ్యాన్ల రొద తగ్గుతుంది, గది చల్లగా ఉంటుంది.

ఆనందపురంలో, మొత్తం ఉత్తరాంధ్ర తీరంలో గ్రాఫిక్స్ కార్డు ఉన్న ప్రతి పిల్లవాడికీ నా విన్నపం ఒక్కటే. వోల్టేజ్ స్లైడర్‌ని పైకి జరపకండి. కార్డుని శుభ్రం చేయండి, వోల్టేజ్ తగ్గించండి, ఆ తర్వాతే క్లాక్ పెంచండి, ప్రతి మార్పునీ నోట్‌బుక్‌లో రాయండి. తల్లిదండ్రులకి ఒక మాట: ఈ క్రమంలో చేస్తుంటే ఆపకండి. ఒక సంఖ్య మార్చి, ఫలితం కొలిచి, కారణం వెతికే పిల్లవాడు చేస్తున్నది ప్రయోగశాలలో జరిగే పనే. రేపు తర్లువాడలోనూ వేల చిప్‌ల వేడిని అదుపులో పెట్టగల ఇంజినీర్లు కావాలి. ఆ విద్యకి మొదటి పాఠం ఇంట్లోనే, ఒక్క కార్డుతో నేర్చుకోవచ్చు.